జాతి కుక్కల రిజిస్ట్రేషన్: జత కట్టించే ముందు నుంచి పిల్ల చేతులు మారేదాకా రాయాల్సినవి

"పిల్లలకు నెల నిండింది, పేపర్స్ ఎలా చేయించాలి?" అని చాలామంది అడుగుతుంటారు. జవాబు చెప్పే ముందు నేను నాలుగు ప్రశ్నలు వేస్తాను. తల్లి రికార్డులో మీ పేరు మీదే ఉందా? జత కట్టిన తేదీలు రాసిపెట్టారా? మగకుక్క యజమాని సంతకం చేశారా? పిల్లల్లో ఏది ఏదో తేడా చెప్పగలరా? సగం మంది మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతారు.

దరఖాస్తు నింపడం పది నిమిషాల పని. అందులో రాయాల్సిన వివరాలు మాత్రం ఎద మొదలైన రోజు నుంచి, ఎప్పటిది అప్పుడు రాసుకుంటేనే చేతిలో ఉంటాయి. కాబట్టి ఈ మార్గదర్శి ఎక్కువగా రికార్డు పుస్తకం రాయడం గురించే మాట్లాడుతుంది, ఫారం గురించి తక్కువ.

1. ఏ కాగితం దేనికో ముందు తెలుసుకోండి

అందరూ అన్నిటినీ కలిపి "పేపర్స్" అనేస్తారు. నిజానికి ఇవి వేరు వేరు:

- లిట్టర్ రిజిస్ట్రేషన్: లిట్టర్ అంటే ఒక ఈతలో పుట్టిన పిల్లలన్నీ. ఫలానా తల్లికి, ఫలానా తండ్రికి, ఫలానా తేదీన ఇన్ని పిల్లలు పుట్టాయని కెన్నెల్ క్లబ్బు (జాతి కుక్కల రికార్డులు ఉంచే సంస్థ) నమోదు చేసుకోవడం.
- విడి రిజిస్ట్రేషన్: ఆ లిట్టర్‌లోని ఒక్కో పిల్లకు సొంత పేరు, సొంత నంబర్ ఇవ్వడం.
- పెడిగ్రీ: వంశవృక్షం. మూడు తరాలదైతే 14 మంది పూర్వీకులు, ఐదు తరాలదైతే 62 మంది ఉంటారు.
- యజమాని మార్పు: రికార్డులో పేరు మారడం. కుక్క ఇంటికొచ్చినంత మాత్రాన ఇది జరగదు.

మైక్రోచిప్ (కుక్క చర్మం కింద వేసే, నంబరున్న గుర్తింపు చిప్) డేటాబేస్ వేరు, స్థానిక సంస్థ ఇచ్చే లైసెన్స్ వేరు, కెన్నెల్ క్లబ్ రికార్డు వేరు. ఒకదాంట్లో చిరునామా మారిస్తే మిగతా రెండింట్లో దానంతట అదే మారదు.

ఇంకో మాట. రిజిస్ట్రేషన్ చెప్పేది తల్లిదండ్రులెవరన్నదే. కుక్క ఆరోగ్యంగా ఉందనో, మంచి నమూనా అనో అది హామీ ఇవ్వదు. కొనేవాళ్లకు ఈ సంగతి మీరే ముందుగా చెప్పేస్తే తర్వాత గొడవలు తగ్గుతాయి.

2. జత కట్టించకముందే క్లబ్బు నియమాలు చదవండి

బెల్జియంలో కార్యాలయమున్న అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌సీఐ కింద చాలా దేశాల కెన్నెల్ క్లబ్బులు ఉన్నాయి. అమెరికన్ కెన్నెల్ క్లబ్ (ఏకేసీ), బ్రిటన్ కెన్నెల్ క్లబ్ అందులో సభ్యులు కావు, అయినా పెడిగ్రీలను పరస్పరం గుర్తిస్తాయి. నియమాలు మాత్రం ఎవరివి వాళ్లవే.

ఎంత తేడా ఉంటుందో చూడండి. ఏకేసీలో జత కట్టే నాటికి ఆడకుక్కకు కనీసం 8 నెలలు, మగకుక్కకు 7 నెలలు ఉండాలి. పై పరిమితి ఇద్దరికీ 12 ఏళ్లు. బ్రిటన్ క్లబ్బు మామూలుగా ఒక ఆడకుక్కకు నాలుగు లిట్టర్లకు మించి నమోదు చేయదు. ఏడాది నిండని దాన్ని జత కట్టించినా, ఎనిమిదేళ్లు నిండాక అది ఈనినా ఒప్పుకోదు. తండ్రి-కూతురు, తల్లి-కొడుకు, తోబుట్టువుల జతల పిల్లల్నీ నమోదు చేయదు.

కనీస వయసును సలహాగా తీసుకోకండి. ఎనిమిది నెలల ఆడకుక్క ఇంకా పిల్లే. పెద్ద జాతుల్లో తుంటి కీలు లోపాలు చూసే ఎక్స్‌రేకి అమెరికా సంస్థ ఓఎఫ్ఏ తుది గ్రేడు ఇచ్చేదే 24 నెలలు నిండాక. నేనైతే ఆ ఫలితం చేతికి రాకుండా జత ఊసెత్తను.

ఫొటో చూసి, డబ్బు కట్టించుకుని ఏ కుక్కకైనా సర్టిఫికెట్ అచ్చేసి పంపే "రిజిస్ట్రీలు" కూడా ఉన్నాయి. తల్లిదండ్రుల నంబర్లైనా అడగకుండా అవి ఇచ్చిన కాగితం గుర్తింపున్న క్లబ్బుల్లో చెల్లదు.

3. ఒక్కో కుక్కకు ఒక్కో ఫైలు

ఇంట్లో రెండు కుక్కలే ఉన్నా విడివిడి ఫైళ్లు పెట్టండి. మొదటి పేజీలో ఇవి ఉండాలి:

- సర్టిఫికెట్‌లో ఉన్నది ఉన్నట్టుగా రిజిస్టర్డ్ పేరు, నంబర్. పక్కన పిలిచే పేరు
- జాతి, ఆడ/మగ, పుట్టిన తేదీ, రంగు, గుర్తులు
- మైక్రోచిప్ నంబర్, వేసిన తేదీ, వేసిన డాక్టర్
- తల్లి, తండ్రి పేర్లు, నంబర్లు. బ్రీడర్ పేరు, చిరునామా
- ఎప్పుడు, ఎవరి నుంచి వచ్చింది. యజమాని మార్పు ఏ తేదీన పూర్తయింది
- డీఎన్‌ఏ ప్రొఫైల్ ఉంటే దాని నంబర్
- వెళ్లిపోయినా, చనిపోయినా ఆ తేదీ, వివరం

చిప్ నంబర్‌ను పాత కాగితం చూసి ఎక్కించకండి. స్కానర్ పెట్టి, తెరమీద వచ్చిన 15 అంకెల్ని మీ కళ్లతో చూసి రాయండి. ఒకరు చదువుతుంటే ఇంకొకరు రాసి, తిరిగి చదివి వినిపించాలి. 982000 లాంటి వరుసలో సున్నాలు మూడా, నాలుగా అన్న చోటే చెయ్యి తడబడుతుంది. చిప్‌తో వచ్చే బార్‌కోడ్ స్టిక్కర్లలో ఒకటి ఫైల్లో అతికిస్తే ఆ బెడద ఉండదు.

యజమాని పేరు అన్నిటికన్నా ముఖ్యం. పెద్ద ఆడకుక్కను కొని, పేరు మార్పించకుండానే జత కట్టించి, పిల్లలు పుట్టాక పరుగులు పెట్టేవాళ్లు చాలామంది. ఏకేసీ లెక్కలో బ్రీడర్ అంటే జత కట్టిన రోజున తల్లి యజమాని. లిట్టర్ యజమాని అంటే అది ఈనిన రోజున తల్లి యజమాని. మధ్యలో కుక్క చేతులు మారితే ఇద్దరు వేర్వేరు మనుషులవుతారు. ఉమ్మడి యాజమాన్యమైతే రెండో వ్యక్తి సంతకం ఎక్కడెక్కడ కావాలో ముందే కనుక్కోండి. అన్నదమ్ముల మధ్య కూడా ఆ సంతకం కోసం నెలలు గడిచిపోవడం చూశాను.

4. జత కట్టించే రోజు

మగకుక్క గేటులోకి రాగానే స్కానర్ పెట్టండి. యజమాని చూపించిన సర్టిఫికెట్‌లో ఉన్న కుక్కే ఇదని తేలాకే ముందుకెళ్లాలి. మొహమాటపడాల్సిన పని లేదు. మీ కుక్కనూ స్కాన్ చేసుకోమనండి.

ఎద పుస్తకంలో రాయాల్సినవి:

- మొదటి రక్తపు చుక్క కనిపించిన తేదీ
- ప్రొజెస్టిరాన్ (అండం ఎప్పుడు విడుదలవుతుందో అంచనా వేయడానికి చూసే హార్మోన్) పరీక్షలు చేయిస్తే తేదీ, అంకె, ఏ యూనిట్‌లో అన్నది
- జత కట్టిన ప్రతిసారీ తేదీ, సమయం, ఎంతసేపు కట్టుపడ్డాయి (విడిపోకుండా అతుక్కుని ఉన్నాయి), ఎవరు చూశారు
- మగకుక్క రిజిస్టర్డ్ పేరు, నంబర్, చిప్, యజమాని వివరాలు
- ఎద పూర్తయ్యేదాకా ఇంకే మగకుక్కైనా దగ్గరికొచ్చిందా

చివరిది చాలామంది వదిలేస్తారు. మగకుక్క వీర్యకణాలు ఆడకుక్క ఒంట్లో దాదాపు వారం దాకా బతకగలవు. అందుకే ఒకే ఈతలో ఇద్దరు తండ్రుల పిల్లలు పుట్టడం సాధ్యమే. మంగళవారం అనుకున్న జత అయ్యాక, శుక్రవారం గోడ దూకిన కుక్క కూడా తండ్రి కావచ్చు. జత అయింది కదా అని ఆడకుక్కను వదిలేయకండి, ఎద ముగిసేదాకా కట్టుదిట్టంగా ఉంచండి.

గర్భకాలం అండం విడుదలైన రోజు నుంచి లెక్కిస్తే సుమారు 63 రోజులు. జత రోజు నుంచి లెక్కిస్తే 57 నుంచి 72 దాకా ఎటైనా పోవచ్చు. ప్రొజెస్టిరాన్ అంకెలు రాసి ఉంటే, ఆలస్యమైనప్పుడు ఆగాలో సిజేరియన్ చేయాలో డాక్టర్ తేల్చుకోగలరు.

ఒప్పందం, సంతకాలు. మగకుక్క యజమానికి డబ్బా, పిల్లా? పిల్ల అయితే మొదటి ఎంపిక ఎవరిది? ఒక్క పిల్లే పుడితే? గర్భం నిలవకపోతే మళ్లీ అవకాశం ఉందా? ఇవన్నీ ఒక పేజీలో రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. క్లబ్బు ఫారంలో మగకుక్క యజమాని సంతకం ఉండే గడి ఉంటే అది కూడా ఆ రోజే పూర్తి చేయించండి. "పిల్లలు పుట్టాక పెడతాలే" అన్న సంతకం, పిల్లల పంపకం దగ్గర మాట తేడా వస్తే ఇక రాదు.

కృత్రిమ గర్భధారణ అయితే డాక్టర్ ధ్రువపత్రం, వీర్యం సేకరించిన తేదీ జత చేయాలి. నిల్వ వీర్యం వాడితే ఏకేసీ మగకుక్క డీఎన్‌ఏ ప్రొఫైల్ అడుగుతుంది. జీవితంలో ఏడు లిట్టర్లకు చేరిన, లేదా ఒక కేలండర్ ఏడాదిలో మూడు దాటిన మగకుక్కకూ అంతే.

ఆరోగ్య పరీక్షలు ఇక్కడే జతచేయండి. తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే కనిపించే (అంతర్గత) జబ్బుల్లో రెండు వాహక కుక్కల్ని (లోపమున్న జన్యువు ఒక్కటే ఉండి, జబ్బు లేనివాటిని) జత కడితే ప్రతి పిల్లకూ జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. వాహకాన్ని ఆ లోపం లేని కుక్కతో కడితే ఆ జబ్బుతో పిల్ల పుట్టదు, కొన్ని వాహకాలవుతాయి. ఒరిజినల్ రిపోర్టు మీద కుక్క చిప్ నంబర్ ఉందో లేదో చూడండి. చిప్ నంబర్ లేని రిపోర్టు ఏ కుక్కదైనా కావచ్చు.

5. ఈనే రాత్రి

యాప్‌లు చాలా ఉన్నాయి. ఆ రాత్రికి మాత్రం నేను అట్టకు క్లిప్ పెట్టిన కాగితం, దారం కట్టిన పెన్నే వాడతాను. చేతులు తడిగా ఉంటాయి, ఫోన్ తెర మాట వినదు.

సిద్ధంగా ఉంచుకోండి:

- గ్రాముల్లో చూపే తూకం, పైన చిన్న గిన్నె
- రంగు రంగుల ఉన్ని దారాలు లేదా మెత్తటి పిల్ల కాలర్లు (గుర్తుకోసం ఒక్కో పిల్ల మెడకు ఒక్కో రంగు)
- గోడ గడియారం
- డాక్టర్ నంబర్, పెద్ద అక్షరాల్లో

పేజీ ఇలా ఉంటే చాలు:

- 1:40. మొదటిది. ఆడ, నలుపు, ఛాతీ మీద గోరంత తెలుపు. 410 గ్రా. మాయ పడింది. ఎరుపు.
- 2:25. రెండోది. మగ, నలుపు, గుర్తుల్లేవు. 455 గ్రా. మాయ పడలేదు. పసుపు.
- 2:50. మాయ పడింది.
- 3:30. మూడోది. మగ, నలుపు. చనిపోయి పుట్టింది. 380 గ్రా.

మాయ లెక్క ఎందుకంటే, లోపల ఉండిపోయిందేమో అన్న అనుమానం తెల్లారి జ్వరం చూసినప్పుడు వస్తుంది, అప్పటికి ఎవరికీ గుర్తుండదు. పిల్లకూ పిల్లకూ మధ్య రెండు గంటలు దాటినా, అరగంట గట్టిగా ముక్కినా పిల్ల రాకపోయినా డాక్టర్‌కు ఫోన్ చేయాలి. గడియారం చూసి రాసిన పేజీ ఉంటే "ఎంతసేపైంది?" అన్న ప్రశ్నకు తడుముకోరు.

చనిపోయి పుట్టిన పిల్లను కూడా రాయండి. చూడగానే బాధగా ఉంటుంది, రాయబుద్ధి కాదు. కానీ మూడు ఈతల తర్వాత ఆ జతను మళ్లీ కట్టించాలా వద్దా అన్నప్పుడు మీ దగ్గరుండే ఆధారం అదొక్కటే.

దారాల రంగుల్లో నీలం, ఆకుపచ్చ కలిపి వాడకండి. రాత్రి లైటు కింద రెండూ ఒకటే. నా రెండో లిట్టర్‌లో మెడలు ఉబ్బాయని ఒకేసారి రెండు కాలర్లు విప్పాను, ఈలోగా తల్లి లేచి అటూ ఇటూ తొక్కింది. రెండూ నల్లటి మగపిల్లలు. బరువుల పుస్తకంలో వాటి మధ్య 90 గ్రాముల తేడా ఉండబట్టి బయటపడ్డాను. ఇప్పుడు ఒక్కటి విప్పి, కొత్తది కట్టాకే రెండోది ముట్టుకుంటాను. పిల్లలు వేగంగా పెరుగుతాయి, దారాన్ని రోజూ వేలు దూర్చి చూడాల్సిందే.

మొదటి రెండు వారాలు రోజూ ఒకే వేళకు తూకం వేయండి. తొలి రోజు కొంచెం తగ్గొచ్చు. పది శాతం మించి తగ్గినా, రెండో రోజు కూడా పెరగకపోయినా డాక్టర్‌కు చెప్పాలి. వారం పది రోజులకు పుట్టినప్పటి బరువుకు రెట్టింపవ్వాలి. నులిపురుగుల మందు, టీకాలు, ఇచ్చిన తేదీ, బ్యాచ్ నంబర్ అదే పుస్తకంలోకి వెళ్తాయి.

6. లిట్టర్ దరఖాస్తు

ఈనిన రెండు మూడు వారాల్లో పంపేయండి. గడువు ఎక్కువున్నా ఆలస్యానికి రుసుమో వివరణో అడుగుతారు. దరఖాస్తులో తేదీలు, సంఖ్యలు మీ పుస్తకంతో ఒక్కటిగా ఉండాలి. ఆడ ఎన్ని, మగ ఎన్ని అన్నది పంపే ముందు పిల్లల్ని తిరగేసి మళ్లీ చూసుకోండి. నవ్వకండి, ఇది చాలా మామూలు తప్పు.

రంగు దగ్గర తొందర వద్దు. డాల్మేషియన్ పిల్లలు మచ్చల్లేకుండా తెల్లగా పుడతాయి, మచ్చలు రెండో వారం నుంచి కనిపిస్తాయి. యార్క్‌షైర్ టెరియర్ నలుపు-గోధుమ రంగులో పుట్టి, పెద్దయ్యాక ఉక్కు నీలంగా మారుతుంది. మీ జాతికి క్లబ్బు ఆమోదించిన రంగుల జాబితాలోని పదమే రాయండి, మీకు నచ్చిన పదం కాదు.

మెర్ల్ (లేత రంగు మీద ముదురు మరకలు చల్లినట్టుండే రంగు) ఉన్న జాతుల్లో రంగు రాయడం ఆరోగ్యానికి సంబంధించిన పనే. రెండు మెర్ల్ కుక్కల జతలో పుట్టే ప్రతి పిల్లకూ రెండువైపుల నుంచీ ఆ జన్యువు వచ్చే అవకాశం 25 శాతం. అలాంటివి చెవిటివిగా, కంటి లోపాలతో పుట్టే ప్రమాదం ఎక్కువ. బ్రిటన్ క్లబ్బు ఈ జత పిల్లల్ని నమోదే చేయదు. లేత మెర్ల్‌ను మామూలు రంగుగా రాసేస్తే, దాన్ని కొన్నవాళ్లు తెలియకుండా ఇంకో మెర్ల్‌తో కట్టిస్తారు.

పిల్ల పేరులో మీ కెన్నెల్ పేరు రావాలంటే దాన్ని ముందే నమోదు చేయించుకోవాలి, దానికి సమయం పడుతుంది.

సంతానోత్పత్తికి పనికిరాదనుకున్న పిల్లకు కొన్ని క్లబ్బుల్లో పరిమిత రిజిస్ట్రేషన్ ఉంటుంది. కుక్క రికార్డులో ఉంటుంది, దాని పిల్లలు నమోదు కావు. ఇది అమ్మకానికి ముందే నోటితో చెప్పి, కాగితం మీదా రాయాలి.

7. చిప్, తర్వాతే కాలర్ విప్పడం

దారం మెడలో ఉండగానే చిప్ వేయించండి. ఒక్కో పిల్లను ఎత్తి, రంగు చదివి, చిప్ వేయించి, స్కాన్ చేసి, ఆ పిల్ల పేజీలో స్టిక్కర్ అతికించాకే తర్వాతి పిల్ల. ఎరుపు దారం పేజీలో 15 అంకెలు చేరాక దారంతో పని లేదు.

8. పిల్లను అప్పగించేటప్పుడు

- సంతకాలున్న అమ్మకం కాగితం: తేదీ, పేర్లు, చిరునామాలు, చిప్ నంబర్
- రిజిస్ట్రేషన్ కాగితం, లేదా అది ఎప్పటికి వస్తుందో రాతలో
- యజమాని మార్పు ఫారం, మీ సంతకంతో
- టీకాలు, నులిపురుగుల మందు కార్డు
- తల్లిదండ్రుల ఆరోగ్య రిపోర్టుల నకళ్లు
- చిప్ డేటాబేస్‌లో పేరు మార్చే విధానం

ఫారం నింపి కొనేవాళ్ల చేతిలో పెడితే సగం ఫారాలు సొరుగులోనే ఉండిపోతాయి. వాళ్లు కూర్చుని ఉండగానే ఆన్‌లైన్‌లో పూర్తి చేయించండి. మీ పుస్తకంలో ఆ వ్యక్తి పేరు, చిరునామా, తేదీ రాసుకోండి.

9. తప్పు జరిగిపోయింది, ఇప్పుడెలా?

తండ్రి ఎవరో అనుమానం. దరఖాస్తు ఆపి, తల్లికి, అనుమానమున్న మగకుక్కలన్నిటికీ, ప్రతి పిల్లకూ డీఎన్‌ఏ చేయించండి. ఇద్దరు తండ్రులున్న లిట్టర్‌కు ఏకేసీ అడిగేదీ ఇదే. ఊహించి ఒక పేరు రాయడం మాత్రం వద్దు. తర్వాత బయటపడితే రద్దయ్యేది ఈ లిట్టర్ ఒక్కటే కాదు.

చిప్ చదవడం లేదు. స్కానర్ బ్యాటరీ మార్చి, మెడ నుంచి భుజాలు, మోచేతుల దాకా నెమ్మదిగా తిప్పండి. చిప్ జారడం ఉంటుంది. పాత రకం చిప్‌ను కొన్ని స్కానర్లు చదవవు, ఇంకో స్కానర్‌తో చూడండి. అప్పటికీ లేకపోతే కొత్తది వేయించి, రెండు నంబర్లూ డాక్టర్ లేఖతో క్లబ్బుకు పంపండి.

పుస్తకంలో తప్పు రాశారు. ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, తేదీ, సంతకం పెట్టండి. వైట్నర్ పూసిన గడిని ఎవరూ నమ్మరు.

రెండు పిల్లలు కలిసిపోయాయి. గుర్తులు, బరువుల వరుస చూడండి. తేలకపోతే రెండింటి పేజీల్లోనూ "ఫలానా తేదీ వరకు గుర్తింపు అనుమానం" అని రాసి, అప్పటి నుంచి కొత్త వరుస మొదలుపెట్టండి. తల్లిదండ్రులు ఒకరే కాబట్టి రిజిస్ట్రేషన్‌కు ఇబ్బంది రాదు. టీకా ఒక్కదానికే పడి ఉంటే డాక్టర్‌ను అడగండి.

పాత యజమాని దొరకడం లేదు. అమ్మకం రసీదు, చిప్ రికార్డు, ఉత్తరప్రత్యుత్తరాలు పోగేసి క్లబ్బుకు రాయండి. ఈలోగా ఆ కుక్కను జత కట్టించకండి.

10. ఎన్నాళ్లు దాచాలి

ఏకేసీ రికార్డుల్ని ఐదేళ్లు ఉంచమంటుంది, తనిఖీకి వస్తే చూపించాలి. మీ దేశ చట్టం అంతకన్నా ఎక్కువ అడిగితే అదే పాటించాలి. నా మట్టుకు నేను ఏదీ పారేయను. మూర్ఛలాంటి జబ్బు కుక్కకు రెండు మూడేళ్లు వచ్చాక కూడా బయటపడొచ్చు. అప్పటికి దాని తోబుట్టువులు ఎవరి ఇళ్లలో ఉన్నాయో, వాటికి పిల్లలు పుట్టాయేమో చెప్పగలిగేది మీ పుస్తకమే.

నెలకోసారి పేజీలన్నిటికీ ఫొటో తీసి ఇంకోచోట భద్రపరచండి. ఫైలు పేరులో తల్లి పేరు, ఈనిన తేదీ ఉంటే చాలు. ఈనే పెట్టె పక్కన పెట్టిన పుస్తకాన్ని ఐదు వారాల పిల్లలు ఎంత ఇష్టంగా నములుతాయో ఒకసారి చూస్తే, ఈ ఫొటో పని ఎవరూ గుర్తుచేయక్కర్లేదు.